గుడ్లు మింగిన పాము వేరు, భయపడాల్సిన పాము వేరు: పొదలకూరు దగ్గర ఒక కోళ్ల గూటి కేసు

2024 నవంబరు మూడో వారం. నాగులచవితి వెళ్లి ఇంకా రెండు వారాలు కాలేదు. నెల్లూరు జిల్లా పొదలకూరు దగ్గర ఒక ఊరి నుంచి ఉదయం ఆరున్నరకే ఫోను వచ్చింది.

"డాక్టరు గారూ, పొదుగుతున్న పెట్ట చచ్చిపోయింది. కింద పదకొండు గుడ్లు పెట్టాను, ఏడే ఉన్నాయి. పెంకు ముక్క కూడా లేదు. ఏదైనా మందు ఉందా?"

మందు కోడికా, గుడ్లు తిన్నదానికా అని అడగలేదు. చనిపోయిన కోడిని పూడ్చవద్దని, చేత్తో ముట్టుకోకుండా సంచిలో వేసి పక్కన పెట్టమని, నేను వచ్చేదాకా గూట్లో చెయ్యి పెట్టవద్దని చెప్పాను. పశువైద్యుడిగా ఉద్యోగ విరమణ చేశాక పెరటి కోళ్లు పెంచుకునేవాళ్లకు సలహాలు చెబుతూ తిరుగుతున్నాను. పాములు పట్టడం నాకు రాదు. ఈ వయసులో నేర్చుకునే ఉద్దేశమూ లేదు. గూడు చూడటం, నేల చూడటం, చచ్చిన కోడిని చూడటం మాత్రమే నా పని.

ఇల్లు ఊరి చివర ఉంది. పెరడు ఎర్రనేల. వెనకాల నిమ్మతోట, తోటకూ పెరటికీ మధ్య సర్కారు తుమ్మ కంచె. కత్తిరించిన నిమ్మకొమ్మలు కంచె వారన నడుమెత్తు గుట్టగా పడి ఉన్నాయి. గూడు ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. అడుగున్నర ఇటుక గోడ, దాని మీద తేనెపట్టు కన్నుల తీగ వల, పైన సిమెంటు రేకు. నేల మట్టిది. ఇరవై రెండు నాటు పెట్టలు, రెండు పుంజులు. పుంజుల్లో ఒకటి పందెం జాతి అసిల్, ఆ ఇంటాయనకు ముద్దుల కొడుకు లాంటిది. కోళ్లు మాత్రం పూర్తిగా ఆయన భార్యవి. మేత ఆమెదే, గుడ్ల లెక్క ఆమెదే, నాకు ఫోను చేసింది కూడా ఆమే.

సంచి విప్పాను. ఇలాంటప్పుడు ముందు తోసిపుచ్చాల్సింది కోళ్ల అంటురోగమైన కొక్కెర తెగులును. మెడ వంకర లేదు, ఆకుపచ్చ రెట్ట లేదు, మిగతా కోళ్లు చురుగ్గా గింజలు ఏరుకుంటున్నాయి. చేతి తొడుగులు వేసుకుని రెక్క కింద ఈకలు పీకితే కనిపించింది. రొమ్ము పక్కగా రెండు గాట్లు, వాటి చుట్టూ రూపాయి బిళ్లంత మేర చర్మం నలుపు. చర్మం కోసి చూస్తే కింద కండ కూడా నల్లబడి మెత్తగా ఉంది. గుడ్ల మీద కూర్చున్న పెట్ట లేవలేదు, పొడవబోయింది, కాటు తిన్నది. పొదిగే కోడి తెగువే దాని ప్రాణం తీసింది.

గుడ్లు పోయిన ప్రతిచోటా పామునే దొంగగా పట్టుకోవడం మనవాళ్ల అలవాటు. ముంగిస గుడ్డును పగలగొట్టి తింటుంది, పెంకులు అక్కడే పడి ఉంటాయి. పందికొక్కు కోడిపిల్లను బొరియలోకి ఈడుస్తుంది, బొరియ నోట ఈకలు మిగులుతాయి. బావురుపిల్లి కోడిని నోట కరుచుకుని పోతే కంచె దాకా ఈకల దారి ఉంటుంది. కాకి పగటి దొంగ, గుడ్డుకు చిల్లు పెడుతుంది. పాము వచ్చి వెళితే ఏమీ మిగలదు. పెంకు లేదు, ఈక లేదు, పెనుగులాట లేదు. ఒక్కోసారి మింగలేక వదిలేసిన కోడిపిల్ల దొరుకుతుంది. దాని తల, మెడ మీది ఈకలు జిగురు పూసి ఆరబెట్టినట్టు అంటుకుపోయి ఉంటాయి. అది చూశాక ఇక అనుమానం అక్కర్లేదు. గుడ్లు మాయమై, తలుపు గొళ్లెం మాత్రం పద్ధతిగా వేసి ఉంటే వెతకాల్సింది రెండు కాళ్ల జంతువును. అలాంటి కేసులు నా అనుభవంలో రెండున్నాయి. అవి ఇక్కడ రాయను.

ఇక్కడ గుడ్లు ఆనవాలు లేకుండా పోయాయి, పెట్ట విషపు కాటుకు చనిపోయింది. మన జిల్లాలో ఈ రెండు పనులూ చేసేది నాగుపాము. రక్తపింజర ఎలుకల కోసం తిరుగుతుంది, గుడ్ల జోలికి పోదు. జెర్రిపోతు గుడ్లూ కోడిపిల్లలూ తింటుంది కానీ దానికి విషం లేదు.

జెర్రిపోతు మాట ఎందుకంటే, నేను వెళ్లేసరికి అక్కడ ఒకటి వలలో చిక్కుకుని ఉంది. ఆ ఇంటాయన బావమరిది ముత్తుకూరు వైపు రొయ్యల చెరువులు చేస్తాడు. పాత నైలాను వల ఒక చుట్ట తెచ్చి గూడు చుట్టూ కట్టారు. ఏడడుగుల జెర్రిపోతు సగం దాకా దూరి, ముందుకూ వెనక్కూ పోలేక, దారాలు పొలుసుల కిందికి దిగి రక్తం కారుతోంది. చుట్టూ నలుగురు కర్రలతో నిలబడ్డారు. "ఇదే సార్ దొంగ. ఇది నాగుపాముతో జత కడుతుంది, దీన్ని వదిలితే అది కూడా వస్తుంది" అన్నాడు ఒకాయన.

అది కట్టుకథ. రెండు పాములు మెలివేసుకుని నిలువునా లేచి ఆడుతుంటే మనం జత అనుకుంటాం. చాలాసార్లు అవి రెండూ మగ జెర్రిపోతులే, బలం తేల్చుకుంటున్నాయి. ఈ పామును చంపితే పెరట్లో ఎలుకలు పట్టే జీతగాణ్ని మనమే చంపుకున్నట్టని చెప్పాను. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది, చంపితే కేసవుతుందనీ చెప్పాను. రెండో మాట బాగా పనిచేసింది. అటవీశాఖకు ఫోను చేస్తే పాములు పట్టడంలో శిక్షణ ఉన్న కుర్రవాడిని పంపారు. అతను కత్తెరతో ఒక్కొక్క దారం తెంపి బయటికి తీయడానికి ముప్పావుగంట పట్టింది.

నైలాను వల పామును ఆపదు, బంధిస్తుంది. ఈసారి జెర్రిపోతు చిక్కింది కాబట్టి సరిపోయింది. అదే చోట నాగుపాము చిక్కి, తెల్లవారుజామున ఆమె గూడు తలుపు తీయడానికి వచ్చి ఉంటే? చిక్కుకున్న పాము పారిపోలేదు, కాబట్టి కాటేస్తుంది. ఆ వల మొత్తం ఆ రోజే విప్పించాను. బావమరిదికి కోపం వచ్చింది.

పెరడంతా ఫినాయిలు కంపు. వెల్లుల్లి నీళ్లు కూడా చల్లారట. ఫినాయిలుకు పాము రాదన్నది మన ఊళ్లన్నిటా ఉన్న నమ్మకం. ఆ కంపు మధ్యలోంచే పాము వచ్చి నాలుగు గుడ్లు మింగిపోయిందని గుర్తు చేస్తే, "ఇంకొంచెం ఎక్కువ పోయాల్సిందేమో" అంది ఆమె. ఎక్కువ పోస్తే ముందు పోయేవి కోళ్లు. నేల మీద పడ్డ గింజతోపాటు అది కూడా కడుపులోకి వెళుతుంది. కార్బాలిక్ యాసిడ్, గంధకం, కలరా ఉండలు కూడా ఇదే బాపతు. డబ్బు దండగ.

నాగులచవితికి ఇదే కంచె పక్క పుట్టలో పాలు పోసి, కోడిగుడ్డు వదిలారు. పాము పాలు తాగదు, గుడ్డు మాత్రం తింటుంది. దేవుడి దగ్గర పెట్టింది ప్రసాదం, గూట్లో తిన్నది దొంగతనం అంటే ఆ జీవానికి ఎలా తెలుస్తుంది? ఈ మాట ఆమెతో అంటే నవ్వింది గానీ ఆ ఇంటి పెద్దావిడ నవ్వలేదు.

మొదటి రోజు నేను చెప్పినవి: తేనెపట్టు వల మీదుగా అర అంగుళం కన్నుల ఇనుప జాలీ బిగించడం, నిమ్మకొమ్మల గుట్ట తీసేయడం, గుడ్లు పూటపూటకూ ఏరేయడం, సాయంత్రం గూట్లో నూకలు చల్లే అలవాటు మానేయడం. తేనెపట్టు వల కన్ను అంగుళం పైనే ఉంటుంది. కోడి బయటికి పోకుండా ఆపడానికే అది, పాము లోపలికి రాకుండా ఆపడానికి కాదు. అర అంగుళం జాలీ పెద్ద పాములన్నిటినీ ఆపుతుంది. పాము పిల్లలను కూడా ఆపాలంటే పావు అంగుళం కావాలి. ఖర్చు చూసి, నేల నుంచి రెండడుగుల ఎత్తు దాకా పావు అంగుళం, పైన అర అంగుళం వేయించాను.

తలుపు కింద అంగుళంపావు సందు ఉంది. దాన్ని చూశాను. చూసి కూడా "మట్టి మెత్తి గట్టిగా తొక్కండి, సరిపోతుంది" అన్నాను. ఈ కేసులో తప్పు నాది, అది ఇదే.

నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. మా వైపూ వాన కుమ్మరించింది. మెత్తిన మట్టి మొత్తం కొట్టుకుపోయింది. డిసెంబరు 2 ఉదయం మళ్లీ ఫోను. ఈసారి ఆమె గొంతు తగ్గించి మాట్లాడింది, లోపల ఉన్నది వింటుందేమో అన్నట్టు.

"గూట్లోనే ఉంది సార్. పడగ విప్పింది."

కోళ్లను వదలడానికి తలుపు తీసేముందు టార్చి వేసి, కర్రతో తట్టి చూడమని మొదటి రోజే చెప్పాను. ఆమె అక్షరాలా పాటించింది. అందుకే ఈ కేసు ఇలా రాయగలుగుతున్నాను. పక్క కిటికీ జాలీ విప్పి కోళ్లను అటు నుంచి బయటికి రప్పించి, తలుపు మూసే ఉంచి, పాములు పట్టే కుర్రవాణ్ని పిలిచారు. అతనూ నేనూ ఒకేసారి చేరాం.

నాలుగున్నర అడుగుల నాగుపాము, మూలన చుట్టుకుని ఉంది. నడుము దగ్గర నాలుగు గడ్డలు, దారానికి గుచ్చిన పూసల్లా. రాత్రి తలుపు కింద సందులోంచి ఖాళీ కడుపుతో వచ్చింది, గుడ్లు మింగింది, తిరిగి పోబోతే పట్టలేదు. ఇటు జాలీలోంచి దారి లేదు. నేను బిగించిన జాలీయే దానికి బోను అయింది. కుర్రవాడు కొక్కెంతో కదిలించగానే అది మెడ సాచి, నోరు తెరిచి, కడుపులోంచి ఒక్కొక్క గుడ్డే కక్కడం మొదలుపెట్టింది. బెదిరిన పాము బరువు దించుకుని పారిపోవడానికి చేసే పని ఇది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఒక్కటీ పగల్లేదు. సొంగతో తడిసి, మెరుస్తూ మట్టి మీద దొర్లాయి.

పామును సంచిలోకి దించి మూతి కట్టిన తర్వాత ఆమె మెల్లగా అడిగింది: "ఇవి మళ్లీ కోడి కింద పెట్టొచ్చా, సార్?"

ముప్పై ఏళ్ల సర్వీసులో నన్ను ఎవరూ అడగని ప్రశ్న. వద్దన్నాను, పూడ్చేయమన్నాను. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం ఆలోచించాను కూడా.

ఆ రోజు తలుపును వదలలేదు. వడ్రంగిని పిలిపించి కిందపట్టీ మార్పించాను, కడప బండతో గడప వేయించాను. చిటికెన వేలు దూరని సందు మిగలాలి, అంతే. తర్వాత నేల. మట్టి నేలలో గూటి లోపల మూడు, బయట తొమ్మిది బొరియలు. బయటివాటిలో నాలుగు పందికొక్కులవి. నోటి దగ్గర తాజా మట్టి కుప్పలే ఆ సంగతి చెబుతాయి. పాము తవ్వదు. చీమలు పెట్టిన పుట్టల్లో పాములు చేరతాయన్న సామెత బొరియలకూ వర్తిస్తుంది. తలుపు మూస్తే రేపు ఈ దారి వాడుకుంటుంది.

బొరియ కనపడగానే సిమెంటు పోసేయడం తప్పు. లోపల పాము ఉంటే అది ఇంకో నోటి నుంచి ఇంట్లోకి తేలుతుంది. పొలంలో ఎలుకలకు చేసే లెక్కే ఇక్కడా చేశాం. సాయంత్రం అన్ని నోళ్లనూ ఎండుగడ్డితో వదులుగా మూయడం, తెల్లవారి ఏవి తెరుచుకున్నాయో చూడటం. మొదటి రోజు ఏడు తెరుచుకున్నాయి. బోనులు పెట్టాం. విషపు ఎర వద్దన్నాను. కోళ్లు తిరిగే నేలలో అది కోడికీ ప్రమాదమే, విషం తిన్న ఎలుకను తినే కుక్కకూ ప్రమాదమే. పది రోజుల్లో పదమూడు ఎలుకలు, మూడు పందికొక్కులు పడ్డాయి. వరుసగా మూడు ఉదయాలు గడ్డి కదలని బొరియనే ఇటుక ముక్కలు దట్టించి మూశాం. ఆ తర్వాత గూటి నేల తవ్వి, జాలీ పరిచి, పైన ఇటుక పేర్చి సిమెంటు పూశారు. గోడ వెలుపల చుట్టూ అడుగు వెడల్పున జాలీ పరిచి మట్టి కప్పించాను. పందికొక్కు గోడ వారనే తవ్వడం మొదలుపెడుతుంది, గోళ్లకు ఇనుము తగలగానే మానేస్తుంది. నూకల సంచి పోయి మూత ఉన్న పాత ఇనుప డ్రమ్ము వచ్చింది. మొత్తం ఖర్చు తొమ్మిది వేల లోపే. అందులో సగం జాలీది.

ఈ పనులతో కేసు అయిపోతుందనే అనుకున్నాను.

గూటి నేల వేసేముందు, ఇటుకలు కావాలని ఇంటి గోడ వారన ఏళ్లుగా పడి ఉన్న పాత ఇటుకల దొంతర తీస్తున్నారు. కర్రతో దూరం నుంచి ఒక్కొక్కటీ దొర్లించమన్నాను. నాలుగో వరుస కింద ఒక కుబుసం దొరికింది. మూడడుగులు కూడా లేదు, సన్నంగా, దాదాపు చెక్కు చెదరకుండా ఉంది. "చిన్న పాముది" అని పక్కన పారేయబోయారు. తీసుకుని వెలుగుకు పట్టి చూశాను. వెన్ను మధ్యగా ఒకే వరుస పొలుసులు, పక్క పొలుసులకంటే పెద్దవిగా, ఆరు మూలలతో, తల నుంచి తోక దాకా సాగాయి. కట్లపాము కుబుసానికి అదే గుర్తు. తెల్ల పట్టీలు చూసి పోల్చబోతే మోసపోతాం. పట్టీలున్న విషం లేని పాము ఇంకొకటి ఉంది, దాని వెన్ను మీద ఈ పెద్ద పొలుసులు ఉండవు.

కట్లపాము గుడ్లు ఎత్తుకుపోదు, కోడి జోలికి రాదు. ఎలుకలు, బల్లులు, కప్పలు, ఇతర పాములు దాని తిండి. అందుకే గూడు చుట్టూ ఇంత హడావుడి జరిగినా అది ఎవరి లెక్కలోకీ రాలేదు. ఆ ఇటుకల దొంతర నుంచి వసారా మెట్టు ఆరడుగులు. ఆ వసారాలో, నేల మీద చాప వేసుకుని, ఇంటాయన తల్లి ఎన్నో ఏళ్లుగా పడుకుంటోంది.

నాగుపాము కనపడుతుంది, బుస కొడుతుంది, పడగ విప్పుతుంది. కట్లపాము రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి చేరుతుంది, నిద్రలో ఒత్తిడి తగిలితే కాటేస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు. చాలామంది దోమ అనుకుని మళ్లీ పడుకుంటారు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, తర్వాత ఊపిరి అందకపోవడం. గుడ్లు పోయిన బాధతో నన్ను పిలిచారు కానీ, ఆ పెరట్లో ప్రాణం తీయగలిగిన దారి గూటి వైపు లేదు, వసారా వైపు ఉంది.

ఆ రోజు మధ్యాహ్నం కోళ్ల గురించి మాట్లాడలేదు. పెద్దావిడకు మంచం, అంచులు పరుపు కిందికి దోపిన దోమతెర, తలగడ పక్కన టార్చి. వసారాకు పదడుగుల దూరంలో ఇటుకలు, కట్టెలు, గోనెసంచులు ఏవీ ఉండకూడదు. పాము కాటు పడితే కోయవద్దు, పీల్చవద్దు, తాడు బిగించి కట్టవద్దు, పసరు కోసం తిరగవద్దు. ఉంగరాలు, గాజులు తీసి, కాలో చెయ్యో కదలకుండా కట్టె ఊతం కట్టి 108కి ఫోను చేయాలి. కాటు వేసిందని అనుమానమే ఉన్నా, నొప్పి లేకపోయినా, వెళ్లాలి. మన దేశంలో ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ ఒకటే, కాబట్టి పామును చంపి పట్టుకెళ్లే పని లేదు. కట్లపాము కాటుకు మాత్రం మందుతోపాటు ఊపిరి యంత్రం కూడా అవసరం పడవచ్చు. అది ఉన్న ఆసుపత్రి ఎక్కడో ముందే తెలిసి ఉండాలి. వాళ్లకు నెల్లూరు పెద్దాసుపత్రి. బండి ఎవరిది, రాత్రి ఎవరిని లేపాలి అన్నది కూడా ఆ ఇంటాయన చేతనే గోడ మీద సుద్దముక్కతో రాయించాను.

కట్లపాము మాకు దొరకలేదు. దొరుకుతుందని ఎదురుచూడలేదు కూడా. దొంతర పోయింది, ఎలుకలు తగ్గాయి, దానికి అక్కడ ఉండే అవసరం తగ్గింది. అంతకు మించి మాట ఇవ్వలేనని చెప్పాను.

సంక్రాంతికి రెండు పెట్టలు పొదిగాయి. ఒకదాని కింద పన్నెండుకు పది పిల్లలు, రెండోదాని కింద పదకొండుకు ఏడు. పొదిగే పెట్టలను ఇప్పుడు విడిగా, కాళ్లున్న బల్ల మీద జాలీ పెట్టెలో ఉంచుతున్నారు. ఆ పిల్లల్లో మూడింటిని గద్ద తన్నుకుపోయింది. దానికి నా జాలీ పనికిరాదు. ఏప్రిల్ దాకా గుడ్డు మాయమైన రోజు లేదు. మార్చిలో వరికోతలు అయ్యాక పొలం ఎలుకలు ఇళ్ల వైపు వస్తాయని ముందే చెప్పాను, వచ్చాయి, బోనులు మళ్లీ బయటికి తీశారు. కంచె దగ్గర జెర్రిపోతు ఒకటి రెండుసార్లు కనపడిందట. ఈసారి కర్ర తీసుకోలేదని ఇంటాయన గొప్పగా చెప్పాడు.

చివరిసారి వెళ్లింది ఏప్రిల్ రెండో వారం. ఎండ మండిపోతోంది. మంచం వసారాలోనే ఉంది, దోమతెర పైకి చుట్టి ఉంది. పెద్దావిడ మాత్రం మంచం పక్కన నేల మీద, చల్లటి బండ మీద, కొంగు పరుచుకుని కునుకు తీస్తోంది. నా చెప్పుల చప్పుడుకు కళ్లు తెరిచి, "రాత్రిళ్లు పైనే నాయనా" అంది. పగలు కట్లపాము బయటికి రావడం అరుదు. సరేనమ్మా అని గూటి వైపు నడిచాను.